కోకాపేట పళ్ళెం, చిమ్కోడ్ చేతులు

హైదరాబాదు పడమటి దిక్కున తినడానికి ఎన్ని కొత్త చోట్లు వచ్చాయో లెక్కపెట్టడం ఇప్పుడు పత్రికలవాళ్ళకు ఒక వారం వారం పని. జూబ్లీహిల్స్, మాదాపూర్, గచ్చిబౌలి దాటి కోకాపేట, నార్సింగి దాకా ఆ వరస సాగింది. జపాను సుషీ, కొరియా నూడుల్సు, ఇటలీ పిజ్జా, లెబనాను కబాబు, గోదావరి చేపల పులుసు, సీమ రాగిసంకటి అన్నీ ఒకే రోడ్డు మీద దొరుకుతాయి. 2019 అక్టోబరులో యునెస్కో హైదరాబాదును ఆహారానికి పేరుపొందిన సృజనాత్మక నగరాల్లో ఒకటిగా గుర్తించింది. 2023 ఆగస్టులో కోకాపేట నియోపోలిస్ వేలంలో ఎకరం ధర 100 కోట్ల 75 లక్షల దాకా పోయింది. అంత పెట్టి కొన్న నేల మీద లేచిన మేడల కింద ఇడ్లీ బండి నిలవదు. అక్కడ నిలిచేవి వేరే రకం హోటళ్ళు.

తిండి మీద మాకు కక్ష ఏమీ లేదు. మన ప్రభువే తిండిబోతు అన్న నింద మోసినవాడు. ఎవరెవరి ఇళ్ళలో కూర్చుని తింటున్నాడో చూసి పెద్దలు సణిగారు. కాబట్టి నలుగురు కలిసి మంచి తిండి తినడం పాపమని చెప్పే పత్రిక కాదు ఇది. అయితే ఈ హోటళ్ళ గురించి వచ్చే రాతల్లో రెండే మాటలు కనిపిస్తున్నాయి: నాణ్యత, వైవిధ్యం. ఆ రెండు మాటల్నీ చిమ్కోడ్ వైపు నుంచి ఒకసారి చూద్దామని ఈ నెల సంపాదకీయం.

చిమ్కోడ్ బీదరు తాలూకాలో ఒక పల్లె. ఇది 1956 దాకా హైదరాబాదు రాష్ట్రంలోనే ఉన్న ప్రాంతం. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, బజారులో ఉర్దూ మాట్లాడే కుటుంబాలు ఇటువైపు ఎన్నో. బీదరు ప్రాంతంలో మెథడిస్టు మిషనరీలు పందొమ్మిదో శతాబ్దం చివరినుంచే పనిచేశారు. ఆ సువార్త మొదట అందుకున్నవాళ్ళలో ఎక్కువమంది ఊరి చివర ఇళ్ళవాళ్ళు. ఈమధ్య అక్కడ ఒక గృహ ప్రార్థనకు వెళ్ళాం. ప్రార్థన అయ్యాక జొన్నరొట్టె, పుంటికూర పప్పు, ఎండు మిరపకాయ కారం పెట్టారు. ఆ ఇంటి అబ్బాయి సెలవు మీద వచ్చి ఉన్నాడు. ఎక్కడ పని అంటే కోకాపేట వైపు ఒక పెద్ద హోటల్లో అన్నాడు. ఏం పని అంటే "ఉటిలిటీ" అన్నాడు. గిన్నెలు కడగడం, చెత్త ఎత్తడం, నూనె జిడ్డు పట్టిన కాలువ తూము కడగడం, వీటన్నిటికీ కలిపి వాళ్ళు పెట్టిన పేరు అది.

బీదరు నుంచి జహీరాబాదు, సంగారెడ్డి మీదుగా వచ్చే బస్సు హైదరాబాదులో మొదట అడుగుపెట్టేది ఈ పడమటి శివార్లలోనే. పటాన్‌చెరువు, లింగంపల్లి దగ్గర దిగితే పని దొరికే చోట్లు దగ్గర. సోయా, కంది పంట చేతికి రాని ఏడాది ఆ బస్సు నిండిపోతుంది. ఒకప్పుడు ఇదే దారిలో కట్టడపు పనికి వచ్చేవాళ్ళు. ఇప్పుడు ఆ కట్టిన మేడల్లోనే వంటింటి పనికి వస్తున్నారు.

అబ్బాయిని అడిగాం, అక్కడ తిండి ఎట్లా ఉంటుందని. "మంచిగనే ఉంటది అన్నా. గని మాకు వేరే వండుతరు" అన్నాడు. స్టాఫ్ ఫుడ్డు అంటారట. రోజూ అన్నం, నీళ్ళపప్పు, వారానికి ఒకరోజు గుడ్డు. పళ్ళెంలో కస్టమరు వదిలేసిన మాంసం ముక్క నోట్లో వేసుకున్నాడని ఒకతనికి ఒకరోజు కూలి కోశారట. బ్రేక్ షిఫ్ట్ అనే పద్ధతి ఉంది: పొద్దున పదకొండుకు వచ్చి నాలుగు దాకా, మళ్ళీ ఏడుకు వచ్చి రాత్రి పన్నెండున్నర దాకా. మధ్యలో మూడు గంటలు ఎక్కడ ఉండాలో ఎవరూ చెప్పరు. గది ఉంది, పన్నెండుమందికి ఒకటి. సగంమంది పడుకున్నప్పుడు సగంమంది పనిలో ఉంటారు కనుక సరిపోతుందని లెక్క. వాళ్ళ హోటలు పేరు రాయడం లేదు. రాస్తే ఆ అబ్బాయి పని పోతుంది. పైగా, ఇది ఒక్క హోటలు సంగతే అయితే సంపాదకీయం అవసరం లేదు, ఒక ఉత్తరం చాలు.

నాణ్యత అనే మాటను ఇక్కడ పెట్టి చూడండి. 2024 వేసవి నుంచి తెలంగాణ ఆహార భద్రతా విభాగం టాస్క్‌ఫోర్సు హైదరాబాదు హోటళ్ళ వంటిళ్ళలోకి వెళ్ళి తనిఖీలు చేసింది. పేరున్న చోట్ల కూడా బొద్దింకలు, గడువు తీరిన సరుకులు, మూతల్లేని పిండివంటలు బయటపడ్డాయి. ఆ ఫోటోలు అందరి ఫోన్లలో తిరిగాయి. మంచి పని, జరగవలసిన పని. అదే సంవత్సరం అక్టోబరులో బంజారాహిల్స్ నందినగర్‌లో మోమోలు తిని ఒక స్త్రీ చనిపోయాక, అక్టోబరు 30న ప్రభుత్వం పచ్చి గుడ్డుతో చేసే మయోనీజును ఏడాదిపాటు నిషేధించింది. అదీ సరే.

అయితే తనిఖీ చేసేవాళ్ళు ఫ్రిజ్జు తెరిచి చూస్తారు, గిన్నె మూత తీసి చూస్తారు. గిన్నె కడిగే మనిషి పడుకునే గది తలుపు ఎవరు తెరిచి చూడాలి? ఆహార భద్రతా నిబంధనల ప్రకారం వంటింట్లో పనిచేసే ప్రతి మనిషికీ ఏడాదికి ఒకసారి వైద్య పరీక్ష జరగాలి. తినేవాడికి రోగం అంటకూడదని ఆ నిబంధన. పనివాడికి రోగం రాకూడదనే నిబంధన వేరే చట్టాల్లో ఉంది: వారానికి ఒక సెలవు, అదనపు గంటకు రెట్టింపు కూలి, పదిమంది ఉంటే ఈఎస్ఐ, ఇరవైమంది ఉంటే పీఎఫ్. ఆ చట్టాలు చూసే కార్మిక శాఖ ఫోటోలు మాత్రం ఎవరి ఫోన్లోనూ తిరగలేదు. తినేవాళ్ళు అడిగితే ఒక విభాగం కదిలింది. కడిగేవాళ్ళు అడిగితే కదలదు. అది మన ఊహ కాదు, ఈ అబ్బాయికి ఈఎస్ఐ కార్డు అంటే ఏమిటో తెలియదు.

ఇంకొక సంగతి చెప్పుకోవాలి, చెప్పడానికి కష్టంగా ఉన్నా. హోటలు వెనకాల ఒక ట్యాంకు ఉంటుంది. నూనె, ముసురు, మరుగుదొడ్డి నీళ్ళు చేరే ట్యాంకు. 2019 జూన్‌లో గుజరాత్‌లో వడోదర దగ్గర దభోయి ప్రాంతంలో ఒక హోటలు సెప్టిక్ ట్యాంకు శుభ్రం చేస్తూ ఏడుగురు చనిపోయారు. నలుగురు సఫాయివాళ్ళు, వాళ్ళను కాపాడబోయిన ముగ్గురు హోటలు పనివాళ్ళు. 2013 చట్టం ప్రకారం రక్షణ సామగ్రి లేకుండా మనిషిని ఆ ట్యాంకులోకి దింపడం నేరం. ఈ విషయం దేశమంతా చెప్పి చెప్పి అరిగిపోయిన గొంతు బెజవాడ విల్సన్‌ది. కర్ణాటకలో కోలారు బంగారు గనుల్లో పాకీపని చేసిన తెలుగు కుటుంబంలో పుట్టి, సఫాయి కర్మచారి ఆందోళన్ నడిపి, 2016లో మెగసెసే అందుకున్న మనిషి. కర్ణాటక తెలుగువాళ్ళ చరిత్రలో ఆ పేరు పైవరసలో ఉండాలి. మన సంఘాల్లో ఎంతమంది యువకులకు ఆయన తెలుసు అని అడిగితే మాత్రం నేను తలదించుకోవాలి.

ఇక వైవిధ్యం. బోర్డులు చదువుకుంటూ ఆ రోడ్డు మీద ఒకసారి నడవండి. రాజుగారి కోడి పలావు, నాయుడుగారి కుండ బిర్యానీ, రెడ్డిగారి విందు, చౌదరిగారి వంటిల్లు. ఇట్లాంటి పేర్లు హైదరాబాదులోనే కాదు, విజయవాడలోనూ బెంగళూరులోనూ చూస్తాం. పేరు చదవగానే నోరూరాలని పెట్టినవే, తప్పుపట్టడానికి ఏముంది అనిపిస్తుంది. అయితే మాలవారి, మాదిగవారి అన్న బోర్డు మీకెక్కడైనా కనిపించిందా? కనిపిస్తే జనం లోపలికి వెళ్తారా? ఎందుకు కనిపించదో మనందరికీ తెలుసు. ఒక కులం పేరు చెబితే నాణ్యతకు హామీ, ఇంకొక కులం పేరు చెబితే హోటలు మూత. ప్రపంచంలో ఉన్న దేశాల తిండి అంతా తెచ్చిపెట్టిన రోడ్డు మీద, ఊరి చివర నుంచి తీసుకురాలేనిది ఇదొక్కటే.

ఇది ఇవాళ్టి సంగతి కాదు. వెనక మద్రాసు రాష్ట్రంలో బ్రాహ్మణ భోజన హోటలు అని బోర్డు పెట్టుకోవడం మామూలు. 1957లో మద్రాసు తిరువల్లిక్కేణిలో ఒక హోటలు బోర్డు మీద ఆ మాట తీసెయ్యాలని పెరియారు అనుచరులు నెలల తరబడి రోజూ వెళ్ళి అరెస్టయ్యారు. చివరికి బోర్డు మారింది. అప్పటికే రాజ్యాంగం అమలులోకి వచ్చి ఏడేళ్ళు. 15వ అధికరణంలో రెండో భాగం చదివితే అంబేడ్కర్ గారూ ఆయన తోటివాళ్ళూ ఏ గాయం తడుముతూ రాశారో అర్థమవుతుంది: దుకాణాలు, హోటళ్ళు, బావులు, చెరువులు, రోడ్లు అని పేరు పేరునా రాశారు. దేశపు మూల చట్టంలో హోటలు అన్న మాట రావలసి వచ్చిందంటే, హోటలు గడప దగ్గర ఎంతమంది ఆగిపోయారో! తెలుగు పల్లెల్లో రెండు గ్లాసుల పద్ధతి మీద 1998 తర్వాత కుల వివక్ష వ్యతిరేక పోరాట సంఘం ఊరూరా తిరిగి, టీ కొట్టు ముందు కూర్చుని పోరాడవలసి వచ్చింది. ఇప్పుడు కాగితం కప్పు వచ్చింది. అందరికీ ఒకటే కప్పు కాబట్టి గొడవ తీరిందని కొందరు అంటారు. తాగి పారేసే కప్పు గొడవను తీర్చలేదు, కనిపించకుండా చేసింది, అంతే.

మళ్ళీ బీదరుకు వద్దాం. ఈ జిల్లాలో ఇప్పటి బసవకల్యాణానికి పాత పేరు కల్యాణి. అక్కడి నవాబులు హైదరాబాదుకు తరలివచ్చి దేవిడీ కట్టుకున్నారు. బీదరు వైపునుంచి కోర్టు పనులకనీ, పన్ను గొడవలకనీ పట్నం వచ్చే తమ రైతులకు ఆ దేవిడీలో అన్నం పెట్టేవారనీ, అదే కల్యాణి బిర్యానీ అనీ హైదరాబాదులో చెప్పుకుంటారు. గేదె మాంసం చిన్న చిన్న ముక్కలు, టమాట, జీలకర్ర, ధనియాలు. కుంకుమపువ్వు లేదు, నెయ్యి పొర లేదు. 1948లో నిజాం రాజ్యం పోయాక దేవిడీల వైభవం తగ్గింది. ఆ వంటవాళ్ళు బజారులోకి వచ్చి చిన్న హోటళ్ళు పెట్టుకున్నారు. బీదవాడి బిర్యానీ అని పేరుపడింది. ఇవాళ్టికీ ఆటో నడిపేవాళ్ళు, తాపీ పనివాళ్ళు ఆకలి తీరేట్టు తినగలిగే మాంసాహారం అది.

అంటే పట్నం వచ్చిన బీదరు మనిషికి హైదరాబాదు ఒకనాడు పెట్టిన తిండి ఏదో మనకు తెలుసు. యునెస్కో బిరుదుకు కారణమైన బిర్యానీల్లో అదీ ఒకటి. మరి జూబ్లీహిల్స్ మెనూల్లో వెతకండి. ఎక్కడో దూరదేశపు గొడ్డుమాంసపు వంట పేరుతో, ఎక్కువ ధరకు దొరికితే దొరుకుతుందేమో కానీ, కల్యాణి అన్న పేరుతో దొరకడం అరుదు. మన ఇళ్ళలో దాన్ని "పెద్ద కూర" అంటాం. మన పిల్లలే కాలేజీకి వెళ్ళాక ఆ మాట గొంతు తగ్గించి అంటున్నారు. 2012 ఏప్రిల్ 15న ఉస్మానియా విశ్వవిద్యాలయంలో దళిత విద్యార్థులు ఆ కూర బహిరంగంగా వండుకుని తిన్నందుకు దాడులు జరిగాయి. కర్ణాటకలో 2020 నాటి చట్టం, 2021 జనవరి నుంచి అమల్లో ఉంది, ఆవునూ ఎద్దునూ పూర్తిగా నిషేధించి, పదమూడేళ్ళు దాటిన గేదెను మాత్రం వదిలింది. ముసలి ఎద్దును అమ్ముకోలేని రైతు, చవక మాంసం దొరకని కూలి, తోలు దొరకని మాదిగ, ముగ్గురి మీదా ఒకేసారి పడిన దెబ్బ అది. పడమటి శివార్ల రెస్టారెంట్లకు దానివల్ల ఏ నష్టమూ రాలేదు.

2024 మార్చి 19న ఒక పెద్ద తిండి బట్వాడా కంపెనీ, జొమాటో, శాకాహారులకోసం వేరే బట్వాడా దళం పెడుతున్నామంది. వాళ్ళకు ఆకుపచ్చ చొక్కాలట, ఆకుపచ్చ పెట్టెలట. గగ్గోలు లేచేసరికి మర్నాడే చొక్కాల సంగతి వెనక్కి తీసుకున్నారు. వాళ్ళు వెనక్కి తీసుకోవడానికి చెప్పుకున్న కారణం గమనించండి: ఎర్ర చొక్కావాళ్ళను అపార్టుమెంటువాళ్ళు గేటు దగ్గరే ఆపేస్తారేమోనని. అంటే గేటు దగ్గర ఏం జరుగుతుందో కంపెనీకీ తెలుసు. అపార్టుమెంట్లలో బట్వాడా కుర్రాళ్ళకు, పనిమనుషులకు వేరే లిఫ్టు ఉంటుంది. చేతిలో ఉన్న పొట్లం మేడ మీదకు కావాలి, పొట్లం మోసిన మనిషి పక్కన నిలబడకూడదు. తెలంగాణ ప్రభుత్వం 2023 డిసెంబరులో ఇట్లాంటి కార్మికులకు ఐదు లక్షల ప్రమాద బీమా ప్రకటించింది. కర్ణాటక 2025లో వాళ్ళకోసం చట్టమే చేసింది. చనిపోతే ఐదు లక్షలు సరే, బతికి ఉండగా లిఫ్టు సంగతి ఏ చట్టంలో రాయాలో!

పిల్లల పళ్ళెం సంగతి కూడా ఇక్కడిదే. 2021 డిసెంబరులో కర్ణాటక ప్రభుత్వం మధ్యాహ్న భోజనంలో గుడ్డు పెట్టడం మొదలుపెట్టింది. పోషకాహార లోపం ఎక్కువగా ఉన్న జిల్లాల్లో, బీదరుతో సహా. వెంటనే కొందరు మఠాధిపతులు అడ్డుచెప్పారు. బడిలో గుడ్డు పెడితే శాకాహారుల పిల్లల మనసు నొచ్చుకుంటుందన్నారు. అప్పుడు కొప్పళ జిల్లా గంగావతిలో ఒక బడిపిల్ల మైకు ముందు నిలబడి, గుడ్డు ఆపితే మేమంతా మీ మఠానికే వచ్చి తింటామని గట్టిగా అడిగింది. ఆ పిల్లకు ఏ వేదాంత కళాశాల పట్టా లేదు. 2024 జూలైలో అజీం ప్రేమ్‌జీ ఫౌండేషను ముందుకొచ్చి వారానికి ఆరు రోజులు గుడ్డు అందేట్టు ఒప్పందం చేసుకుంది. చిమ్కోడ్ వంటి పల్లెలో ఒక పిల్లవాడికి బడిలో ఒక గుడ్డు దొరకాలంటే ఇంత చర్చ కావలసి వచ్చింది. కోకాపేటలో ఆదివారం బ్రంచ్‌లో ఎన్ని గుడ్లు పగులుతాయో ఎవరూ చర్చించరు.

బసవన్న తిరిగిన నేల ఇది. పన్నెండో శతాబ్దంలో కల్యాణంలో చెప్పులు కుట్టే హరళయ్య కొడుక్కీ, బ్రాహ్మణుడు మధువరసు కూతురికీ పెళ్ళి చేశారని ఆ ఇద్దరు తండ్రులకూ మరణశిక్ష పడిందని శరణుల చరిత్ర చెబుతుంది. తెలుగులో పాల్కురికి సోమన బసవపురాణంలో మాదర చెన్నయ్య కథ ఉంది. చోళరాజు పెట్టిన నైవేద్యం వదిలేసి శివుడు మాదిగ చెన్నయ్య ఇంటి అంబలి తాగిన కథ. మనది వేరే విశ్వాసం, అయినా తాగిన అంబలి ఏదో గుర్తుపట్టలేనంత దూరం కాదు. బీదరు పట్టణంలో గురు నానక్ ఝీరా దగ్గర లంగరు ఉంది. ఎవరు వచ్చినా నేల మీద ఒకే వరసలో కూర్చోబెట్టి వడ్డిస్తారు. మన ప్రభువు బల్ల గురించి మనం చెప్పే మాటలన్నీ అక్కడ రోజూ మధ్యాహ్నం జరుగుతున్నాయి, మన పేరు లేకుండా.

మన బల్ల సంగతికి ఇప్పుడు రాక తప్పదు. పౌలు కొరింథీ సంఘానికి రాసిన మొదటి పత్రిక పదకొండో అధ్యాయం నెలకొకసారి సంస్కారం ముందు మన గుళ్ళలో చదువుతారు. చదివేది మాత్రం ఇరవై మూడో వచనం నుంచి. దానికి ముందున్న వచనాలు ఎందుకు వదిలేస్తామో నాకు ఎప్పుడూ అనుమానమే. అక్కడ జరిగింది ఇది: డబ్బున్నవాళ్ళు ముందే వచ్చి తాము తెచ్చుకున్నది తిని తాగేశారు. రోజంతా పనిచేసి రాత్రికి వచ్చిన దాసులకు, కూలీలకు ఏమీ మిగల్లేదు. పౌలుకు కోపం వచ్చింది అందుకు. మీరు తినేది ప్రభువు భోజనమే కాదు పొమ్మన్నాడు. అంతియొకయలోనూ అంతే. యెరూషలేము నుంచి పెద్దమనుషులు వచ్చేసరికి పేతురు అన్యజనుల బంతిలోంచి లేచిపోయాడు. పౌలు అందరిముందూ నిలదీశాడు. తొలి సంఘంలో ఇద్దరు పెద్ద అపొస్తలుల మధ్య బహిరంగంగా జరిగిన గొడవ ఎవరి పక్కన కూర్చుని తినాలన్న దాని మీదే.

మన క్రిస్మస్ విందుల్లో ఎమ్మెల్యేగారికీ, బిషప్‌గారికీ, విదేశీ అతిథికీ వెనక ఏసీ గదిలో వేరే బల్ల ఉంటుంది. బయట షామియానా కింద విస్తళ్ళు. వడ్డించేవాళ్ళు యూత్ పిల్లలు, చివరికి వాళ్ళకు అన్నం అడుగంటిన మాడు. ఒక సంఘంలో మాలలూ మాదిగలూ ఇద్దరూ ఉంటే పెళ్ళిభోజనంలో ఎవరి బంతి ఏదో చెప్పకుండానే తెలిసిపోతుంది. ఈ పత్రిక పాఠకుల్లో కొందరు ఇప్పుడు గచ్చిబౌలిలో, మణికొండలో ఫ్లాట్లు కొనుక్కున్నవాళ్ళు. దేవుడు ఆశీర్వదించాడని మేమూ సంతోషించాం. పుట్టినరోజులకు, పెళ్ళిరోజులకు ఆ హోటళ్ళకు వెళ్ళేది మనమే. చేతులు జోడించి, కళ్ళు మూసుకుని, బల్ల దగ్గర కృతజ్ఞతలు చెప్పి తింటాం. వంటింటి తలుపు అవతల గిన్నెలు కడుగుతున్న అబ్బాయి మన బంధువుల ఊరివాడే కావచ్చు. చాలాసార్లు అవుతాడు కూడా.

ఆ అబ్బాయికి చట్టం ఎంతవరకు అండగా ఉంటుందో చూద్దాం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడు దళితుడు కాడు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, మనల్ని చేర్చలేదు. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, క్రైస్తవం పుచ్చుకున్న మనిషి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద రక్షణ కోరలేడని తీర్పు ఇచ్చింది. వంటింట్లో మాస్టరు కులం పేరు పెట్టి తిడితే, తిట్టేవాడికి వీడు ఏ గుడికి వెళ్తాడో అక్కర్లేదు. పోలీసు స్టేషనులోనే అక్కరకొస్తుంది. అందుకే ఎందరో కాగితం మీద ఒక పేరుతో, ప్రార్థనలో ఇంకొక పేరుతో బతుకుతున్నారు. వాళ్ళను అబద్ధీకులు అనేవాళ్ళకు ఈ ఉత్తర్వు తిరగరాయించే పని పెట్టాలి.

2024 జనవరిలో మాదాపూర్‌లో రోడ్డు పక్కన అన్నం అమ్మే కుమారి ఆంటీ బండిని ట్రాఫిక్ పోలీసులు తీయించారు. ఆమె అప్పటికే యూట్యూబ్‌లో ప్రసిద్ధురాలు కాబట్టి ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి కలగజేసుకుని బండి తిరిగి పెట్టించారు. సంతోషమే. ఆమె పక్కన బండి పెట్టుకున్న మిగతా వాళ్ళకు యూట్యూబ్ లేదు. వాళ్ళకు ఉన్నది 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం, దాని ప్రకారం ముందు సర్వే చేసి, గుర్తింపు ఇచ్చి, చోటు చూపించకుండా ఎవరినీ లేపకూడదు. ఆ చట్టం గుర్తుచేయడానికి ముఖ్యమంత్రి కానక్కర్లేదు, ఆ వార్డులో ఉన్న ఒక స్త్రీల సమాజం చాలు. ఐదు రూపాయల భోజనం 2014 నుంచి నగరంలో ఉంది. 2025లో దానికి ఇందిరమ్మ క్యాంటీన్లని పేరు మార్చి పొద్దుటి టిఫిను కూడా చేర్చారు. పడమటి శివార్లలో కట్టడాల దగ్గర, హోటళ్ళు మూసే వేళకు, రాత్రి పన్నెండున్నరకు తెరిచి ఉండే క్యాంటీను ఒకటి అడగొచ్చు.

మా సంఘం నిర్వాహకవర్గం రెండు పనులు అనుకుంది. లింగంపల్లి, పటాన్‌చెరువు వైపున ఉన్న సంఘ కాపరులతో మాట్లాడి, హోటలు పనివాళ్ళకు సెలవు దొరికే రోజు, అది ఎక్కువగా సోమవారమో మంగళవారమో తప్ప ఆదివారం ఎప్పుడూ కాదు, ఆ రోజు సాయంత్రం ఒక ఆరాధన, దాని తర్వాత ఈఎస్ఐ, పీఎఫ్ కాగితాలు చూసిపెట్టే ఒక బల్ల. ఆదివారం గుడికి రాలేదని వీళ్ళ పేర్లు కొట్టేసిన రిజిస్టర్లు ఎన్నో ఉన్నాయి. రెండోది మన ఇళ్ళకు సంబంధించింది. ఈసారి మీరు ఆ రోడ్డు మీద తినడానికి వెళ్ళినప్పుడు బిల్లులో సర్వీసు ఛార్జీ ఉంటే అది తప్పనిసరి కాదని 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు చెప్పిన సంగతి గుర్తుంచుకుని, ఆ డబ్బు వడ్డించినవాళ్ళ చేతికి, వీలైతే లోపల కడిగేవాళ్ళకూ చేరేట్టు అడిగి ఇవ్వండి. మేనేజరును పిలిచి, మీ స్టాఫ్ ఎక్కడ పడుకుంటారు, ఏం తింటారు అని అడగండి. బిర్యానీలో ఉప్పు తగ్గిందని పిలిచినంత మామూలుగా అడగండి. మీ పిల్లలు వింటారు.

రేటింగు ఇచ్చే చోట కూడా ఆ మాట రాయవచ్చు. రుచికి ఐదు చుక్కలు ఇచ్చేవాళ్ళు పనివాళ్ళ గదికి ఎన్ని చుక్కలు ఇస్తారో తెలిస్తే మాకు రాసి పంపండి, వచ్చే సంచికలో వేస్తాం.

చిమ్కోడ్‌లో ఆ సాయంత్రం మేము బయల్దేరుతుంటే అబ్బాయి వాళ్ళమ్మ నాలుగు రొట్టెలు గుడ్డలో కట్టి కొడుకు సంచిలో పెట్టింది. మర్నాడు పొద్దున బస్సుకు వాడు వెళ్ళాలి. "ఆడ ఇసొంటియి దొరుకయారా?" అని మా అందరి ముందూ అడిగింది. దొరుకుతాయి అన్నాడు వాడు. వాళ్ళ హోటల్లో పోయిన నెల నుంచి మిల్లెట్ మెనూ పెట్టారట. జొన్నరొట్టె ఒక్కటి ఎంతకు అమ్ముతారో చెప్పాడు. ఆమె నమ్మలేదు, రెండోసారి అడిగింది.